అందరికీ ఏఐ ఇచ్చాక ఆఫీసులో ట్రైనింగ్ ఎందుకు? మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి

హైటెక్‌సిటీ_ట్రైనింగ్ · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో ట్రైనింగ్ విభాగం చూస్తుంటాను. వచ్చే ఏడాది బడ్జెట్ కాగితాలు ఇప్పుడు కదులుతున్నాయి. పైనుంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే: "అందరికీ ఏఐ లైసెన్సులు కొనిచ్చాం. డౌట్ వస్తే దాన్నే అడుగుతారు. మరి ట్రైనింగ్‌కి ఇంత డబ్బు ఎందుకు?"

కొట్టిపారేయలేని ప్రశ్న, అందులో సగం నిజం ఉంది. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చేదాకా ఒక గంట ఈ-లెర్నింగ్ కోర్సు తయారుచేయాలంటే మాకు వారాలు పట్టేది. సబ్జెక్టు తెలిసినవాళ్ల టైమ్ దొరకాలి, స్టోరీబోర్డ్ రాయాలి, వాయిస్ రికార్డు చేయించాలి, క్విజ్ పెట్టాలి. ఇప్పుడు డాక్యుమెంట్ ఇస్తే సాయంత్రానికి డ్రాఫ్ట్ వచ్చేస్తోంది. మాట్లాడే బొమ్మతో వీడియో కూడా చేసి ఇస్తోంది. దాంతో మా పోర్టల్‌లో కోర్సులు కుప్పలుగా పడ్డాయి. ఎంతమంది పూర్తిచేశారనే రిపోర్టు నిండా పచ్చరంగే. ప్రాజెక్టుల నుంచి వచ్చే ఫిర్యాదు మాత్రం మారలేదు: "పిల్లలు సర్టిఫికెట్లతో వస్తున్నారు, పని చేతకావట్లేదు."

ట్రైనింగ్ ఫలించిందో లేదో చూడడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే నాలుగు ప్రశ్నలు పెట్టాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల సంస్థకు ఏమైనా ఒరిగిందా. మా లెక్కలన్నీ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఏఐ వచ్చాక ఆ ఒక్కదాన్నే ఇంకా వేగంగా లెక్కపెడుతున్నాం.

మీ మీ చోట్ల కొత్తగా చేరినవాళ్లు నిజంగా పని ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు? ఐటీ వాళ్లే కాదు, ఎవరైనా చెప్పండి. ఈ బడ్జెట్ కోసమే కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది.

విశాఖ_టీమ్‌లీడ్ · సోమవారం, ఉదయం 11:05

మేడమ్, మాది వాయిస్ ప్రాసెస్, ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే పని. ఏఐతో మా దగ్గర బాగా మేలు జరిగింది మాక్ కాల్స్‌లో.

ఇదివరకు మాక్ కాల్ అంటే బ్యాచ్ అందరి ముందూ ట్రైనర్ కోపంగా ఉన్న కస్టమర్‌లా మాట్లాడేవారు. తెలుగు మీడియంలో చదివి శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చిన పిల్లలకు అది నరకం. ఇంగ్లిష్‌లో తప్పు పోతే పక్కవాళ్లు నవ్వుతారని నోరే విప్పేవాళ్లు కాదు. పైగా ట్రైనర్ ఒక్కరు, బ్యాచ్‌లో పాతికమంది. ఒక్కొక్కరి వంతు ఎప్పటికి వస్తుంది? ఇప్పుడు హెడ్‌సెట్ పెట్టుకుని ఏఐ కస్టమర్‌తో ఓపిక ఉన్నంతసేపు మాట్లాడుకుంటున్నారు. నెస్టింగ్‌కి (పక్కన ఒకరు చూస్తుండగా నిజం కాల్స్ తీసుకునే దశకి) వచ్చేసరికి భయం చాలావరకు పోతోంది.

మొన్న ఒక అమ్మాయి ప్రాక్టీసు చేస్తుంటే పక్కన కూర్చుని విన్నాను. రీఫండ్ రాలేదని కస్టమర్ అరుస్తున్నాడు. ఈమె "సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్" అని అదే పనిగా అంటోంది. "నీ సారీ నాకొద్దు, డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పు" అన్నాడు ఏఐ కస్టమర్. అప్పుడు ఈమె ఒక్క క్షణం ఆగి, ఆర్డర్ నంబర్ అడిగి, రీఫండ్ ఏ తేదీన బ్యాంకుకి వెళ్లిందో చదివి చెప్పింది. గొంతు కూడా మారిపోయింది. కాల్ అయ్యాక స్క్రీన్ మీద వచ్చిన ఫీడ్‌బ్యాక్ అంతా గ్రామర్ గురించే. అసలు మలుపు ఎక్కడ తిరిగిందో అందులో లేదు. "సారీ ఆపి తేదీ చెప్పావు చూడు, అక్కడే కాల్ నీ చేతిలోకి వచ్చింది" అని నేను చెప్పాక ఆ అమ్మాయి మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకుంది.

అందుకని ప్రాక్టీసు ఏఐతో చేయించండి. విని చెప్పే మనిషిని మాత్రం తీసేయనివ్వకండి.

కొత్తబ్యాచ్_కుర్రాడు · సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను చేరి ఏడాది దాటింది. ఈ ప్రశ్న అడిగినందుకు థ్యాంక్స్ మేడమ్.

మా టీమ్‌లో డౌట్ అడిగితే వచ్చే మొదటి మాట "ఏఐని అడిగావా?" అడిగాకే కదా వచ్చాను! ఒక ఉదాహరణ చెప్తాను. మా ప్రాజెక్టులో ఒక బ్యాచ్ జాబ్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) రాత్రి 2 గంటలు దాటాకే నడవాలి. ఎందుకో కోడ్‌లో లేదు, డాక్యుమెంట్‌లోనూ లేదు. ఏఐని అడిగితే "సర్వర్ మీద లోడ్ తగ్గించడానికి" అని ఎంతో నమ్మకంగా చెప్పింది. అసలు కారణం వేరు. క్లయింట్ వైపు నుంచి ఆ రోజు రేట్ల ఫైల్ అర్ధరాత్రి దాటి బాగా పొద్దుపోయాక గానీ రాదు. అది రాకముందే జాబ్ నడిపితే నిన్నటి రేట్లతో బిల్లులు పడతాయి. ఈ సంగతి ఒక సీనియర్ అన్న టీ తాగుతూ ఏదో మాటల్లో చెప్తే తెలిసింది. ఆ రోజు నేను టీకి వెళ్లకపోతే?

ఏఐ వల్ల నాకు మేలు జరగలేదని అనను. ఎంత చిన్న ప్రశ్నైనా సిగ్గుపడకుండా అడగగలను. తెలుగులో అడిగితే తెలుగులోనే విడమరిచి చెప్తుంది. నా బాధ ఏంటంటే, సీనియర్లు నేర్పడం మానేయడానికి అదొక సాకు అయిపోయింది.

డెలివరీవాలా · సోమవారం, మధ్యాహ్నం 2:48

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ పాత రోజుల్లో ట్రైనింగ్ ఏదో అద్భుతంగా ఉండేదని ఎవరూ అనుకోవద్దు. ఏసీ రూమ్‌లో మూడు రోజులు కూర్చోబెట్టి స్లైడ్లు తిప్పడం, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించుకోవడం, సోమవారానికి అంతా మర్చిపోవడం. విన్నది వాడకపోతే ఎంత త్వరగా మర్చిపోతామో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే లెక్కకట్టి చూపించాడు. అయినా మనం నూటముప్పై ఏళ్లకు పైగా అదే పద్ధతి నడిపాం.

పని చేస్తూ ఉండగా, అవసరమైన నిమిషంలో, అవసరమైనంత తెలుసుకోవడం కంటే మంచిదేముంది? మా అకౌంట్‌లో కొత్త కుర్రాళ్లు మొదటి నెలలోనే టికెట్లు (నమోదైన సమస్యలు) మూసేస్తున్నారు. ఇదివరకు మూడు నెలలు పట్టేది. క్లాస్‌రూమ్ డబ్బులు తగ్గిస్తే నాకేం అభ్యంతరం లేదు.

అమీర్‌పేట_మాస్టారు · సోమవారం, రాత్రి 9:20

పగలంతా బ్యాచ్‌లు, ఇప్పుడు తీరింది. చాలా ఏళ్లుగా మైత్రీవనం దగ్గర జావా చెప్తున్నాను.

డెలివరీవాలా గారూ, టికెట్ మూయడం వేరు, సమస్య తీరడం వేరు. ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తీసుకొచ్చి "ఎర్రర్ పోయింది సార్, ఏఐ సరిచేసింది" అన్నాడు. చూస్తే నిజంగానే ఎర్రర్ రావట్లేదు. కోడ్ మొత్తాన్ని, ఎర్రర్ వస్తే పట్టుకునే ట్రై-క్యాచ్‌లో చుట్టేసింది. క్యాచ్ బ్లాక్ లోపల ఏమీ లేదు, ఖాళీ. ఆర్డర్ డేటాబేస్‌లో సేవ్ కావట్లేదు, కాలేదని చెప్పే మెసేజ్ మాయమైంది, అంతే. స్క్రీన్ మీద మాత్రం "ఆర్డర్ ప్లేస్డ్" అని చక్కగా వస్తోంది. "ఆ టేబుల్ తెరిచి చూపించు" అన్నాను. ఖాళీ టేబుల్ చూశాక వాడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది అసలు క్లాసు.

వేగం గురించి కూడా ఒక మాట. అమెరికాలో ఎమ్‌ఈటీఆర్ అనే సంస్థ 2025లో ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టింది. తమ కోడ్ తమకు బాగా తెలిసిన 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లు, 246 పనులు. ఏఐ వాడినప్పుడు పని 20 శాతం త్వరగా అయిందని వాళ్లు అనుకున్నారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యమైంది. ఇది చిన్న ప్రయోగమే, ఆనాటి టూల్స్‌తో చేసిందే. కానీ అంత అనుభవం ఉన్నవాళ్లకే తమ వేగం తమకు తెలియలేదంటే, నిన్న చేరిన పిల్లలు "నాకు వచ్చేసింది" అనుకోవడంలో వింతేముంది?

నా క్లాసులో ఇప్పుడు ఏఐ వద్దని అనను. కోడ్ దానితోనే రాయించుకోనిస్తాను. తర్వాత ల్యాప్‌టాప్ మూయించి బోర్డు దగ్గర నిలబెడతాను. ప్రతి లైన్ ఎందుకుందో చెప్పాలి. ఆ లైన్ తీసేస్తే ఏమవుతుందో చెప్పాలి. చెప్పలేని లైన్ ఎవరు రాసినా మనది కాదు.

విశాఖ_టీమ్‌లీడ్ · సోమవారం, రాత్రి 10:02

మాస్టారూ, రెండో వైపు కూడా చూడాలి. మా రంగం మీదే ఒక పెద్ద అధ్యయనం ఉంది. ఎరిక్ బ్రిన్యాల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ అనే ముగ్గురు 2023లో బయటపెట్టారు. ఐదు వేలకు పైగా కస్టమర్ సపోర్ట్ ఏజెంట్లు, ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు. ఏఐ పక్కన కూర్చుని ఏం చెప్పాలో సూచిస్తుంటే గంటకు తీర్చే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లలో 34 శాతం. పాత కాపులకు దాదాపు ఏమీ మారలేదు. రెండు నెలల అనుభవం ఉన్నవాళ్లు, ఏఐ లేకుండా ఆరు నెలలు చేసినవాళ్లతో సమానంగా వచ్చారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. సిస్టమ్ పనిచేయక ఆ సూచనలు ఆగిపోయిన గంటల్లో ఏం జరిగిందో కూడా చూశారు. అంతకుముందు దాన్ని వాడినవాళ్లు అది లేకపోయినా మెరుగ్గానే చేశారు. అంటే ఎంతో కొంత తలకెక్కినట్టే కదా?

హైటెక్‌సిటీ_ట్రైనింగ్ · మంగళవారం, ఉదయం 8:40

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే అధ్యయనం టర్కీలో జరిగింది. ఆఫీసు కాదు, హైస్కూల్ లెక్కలు. అయినా చెప్పుకోవాలి. సుమారు వెయ్యిమంది పిల్లలు. ఒక గుంపుకి మామూలు చాట్‌జీపీటీ లాంటిది ఇచ్చారు. ప్రాక్టీసు లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టని పిల్లల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ఇంకో గుంపుకి జవాబు చెప్పకుండా, టీచర్లు రాసిచ్చిన సూచనలతో ఒక్కో మెట్టు ఎక్కించే ఏఐ ఇచ్చారు. వీళ్లకు ప్రాక్టీసులో 127 శాతం లాభం, పరీక్షలో ఆ నష్టం దాదాపు లేదు.

రాత్రంతా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాను. నాకు తోచింది ఇదీ. కాల్ సెంటర్ ఏజెంట్‌కి ఏఐ సూచన కనబడుతుంది, కానీ మాట్లాడాల్సింది తనే. ఆ మాట పనిచేసిందో లేదో అవతలి మనిషి గొంతులో వెంటనే తెలుస్తుంది. పైగా ఆ సూచనలు వచ్చింది కూడా అదే ఆఫీసులో బాగా చేసేవాళ్ల పాత సంభాషణల నుంచే. టర్కీలో మొదటి గుంపు జవాబు ఎత్తి రాసుకుంది. అక్కడ వాళ్లు తేల్చుకోవాల్సింది ఏమీ లేదు, తప్పయితే తగిలే దెబ్బా లేదు. ఏఐ ఇవ్వాలా వద్దా అని మా పైవాళ్లు అడుగుతున్నారు. అది వచ్చాక నేర్చుకునేవాడు సొంతంగా ఏదైనా తేల్చుకోవాల్సిన పని మిగిలిందా అని నేను అడగాలనుకుంటున్నాను.

ఫార్మాక్యూఏ_పటాన్‌చెరు · మంగళవారం, ఉదయం 11:15

మా సంగతి చెప్తాను. ఫార్మాలో ట్రైనింగ్ అంటే సంతకం. కొత్త ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన కాగితం) వస్తే ఆపరేటర్ చదివి "రీడ్ అండ్ అండర్‌స్టుడ్" అని సంతకం పెడతాడు. ఎస్‌ఓపీ ఇంగ్లిష్‌లో ఉంటుంది. చదివింది ఎంత, అర్థమైంది ఎంత అని అడగరు. పద్ధతి తప్పి ఏదైనా డీవియేషన్ జరిగితే కారణం "హ్యూమన్ ఎర్రర్", చేసిన దిద్దుబాటు "రీట్రైనింగ్" అని రాస్తారు. రీట్రైనింగ్ అంటే మళ్లీ అదే కాగితం, మళ్లీ అదే సంతకం. ఏళ్ల తరబడి ఇది నన్ను తొలిచేస్తోంది.

ఇప్పుడు మా ప్లాంట్‌లో కంపెనీ లోపలే నడిచే ఏఐ ఉంది. ఎస్‌ఓపీలను సులువైన తెలుగులో చెప్పించి చూశాం. మందు పొడిని గింజలుగా చేసే గ్రాన్యులేషన్ ఆపరేటర్లు మొదటిసారి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. "ఆరబెట్టాక తేమ ఎందుకు చూడాలి సార్?" అని ఒకాయన అడిగాడు. ఆ పని చాలా ఏళ్లుగా చేస్తున్నవాడే.

కానీ జాగ్రత్త. ఒక డ్రాఫ్ట్‌లో లాస్ ఆన్ డ్రైయింగ్ (మిగిలిన తేమ లెక్క) "2 శాతానికి మించకూడదు" అని ఉండాల్సిన చోట "2 శాతానికి తగ్గకూడదు" అని వచ్చింది. ఇంగ్లిష్‌లో ఎన్‌ఎమ్‌టీ (నాట్ మోర్ దాన్) అని పొట్టి అక్షరాల్లో ఉంది, దాన్ని తిరగేసింది. రివ్యూలో పట్టుకున్నాం. ఫ్లోర్ మీదికి వెళ్లి ఉంటే తడి గ్రాన్యూల్స్‌తో టాబ్లెట్లు కొట్టేవాళ్లు. మిగతా తెలుగంతా ఎంత చక్కగా ఉందంటే, ఆ ఒక్క మాట మీద కన్ను ఆగదు.

అందుకని మా నియమం ఇలా పెట్టుకున్నాం. కంట్రోల్డ్ డాక్యుమెంట్, అంటే అధికారిక ప్రతి, ఇంగ్లిష్‌దే. అంకెలు, పరిమితులు తెలుగులోకి మార్చం, ఉన్నవి ఉన్నట్టే. ఏఐ పని ప్రశ్నలు అడగడం వరకే. చివరికి ఆపరేటర్ మెషిన్ ముందు నిలబడి సూపర్‌వైజర్‌కి తెలుగులో చెప్పి, చేసి చూపిస్తేనే సంతకం.

మోడరేటర్ · మంగళవారం, మధ్యాహ్నం 12:00

చర్చ బాగుంది. ఒక్క మనవి. ఉదాహరణల కోసం మీ కంపెనీ కోడ్, ఎస్‌ఓపీ పేజీలు, కస్టమర్ కాల్స్ ఇక్కడ పెట్టకండి. బయటి ఏఐ టూల్స్‌లోనూ పెట్టకండి. సామ్‌సంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్ చాట్‌జీపీటీలో పెట్టడంతో ఆ కంపెనీ 2023 మేలో ఇలాంటి టూల్స్ వాడకాన్ని ఆపేసింది. కస్టమర్ల వ్యక్తిగత సమాచారం ఉంటే మన దగ్గర 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉంది. ట్రైనింగ్ కోసమే కదా అనుకుని కాల్ రికార్డింగులు ఎక్కించేవాళ్లు ముందు కంపెనీ అనుమతి తీసుకోండి.

లీడ్స్_నర్సమ్మ · మంగళవారం, సాయంత్రం 6:35

ఇంగ్లండ్ నుంచి. ఊరు తెనాలి దగ్గర. ఇక్కడికి వచ్చే మన నర్సులు రిజిస్ట్రేషన్ కోసం ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష రాయాలి. మొత్తం 10 స్టేషన్లు. పేషెంట్‌ని పరిశీలించడం, ప్లాన్ రాయడం, చేసి చూపడం ఉంటాయి. చాలావాటిని పైకి చెప్తూ చేయాలి. మన దగ్గర పని అలవాటే గానీ, పైకి చెప్తూ చేయడం అలవాటు లేదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఏఐతో ఆ మాటలు ప్రాక్టీసు చేస్తున్నారు. నిజంగా ఉపయోగం ఉంది. రాత్రి డ్యూటీ అయ్యాక నేర్పే సీనియర్ నర్సు (ప్రిసెప్టర్) ఎవరు మేలుకుని ఉంటుంది?

ఒక చోట మాత్రం తేడా కొడుతోంది. ఇక్కడ పేషెంట్ పరిస్థితి దిగజారుతుంటే కనిపెట్టడానికి న్యూస్2 అనే స్కోరు వాడతారు. ఏఐ చెప్పే ప్రణాళికలో ఒక్కోసారి అమెరికా పద్ధతి, ఇక్కడి పద్ధతి కలిసిపోయి వస్తాయి. చదివితే అంతా సరిగ్గానే అనిపిస్తుంది. ఏ వార్డులో ఏ స్కోరుకి ఎవరిని పిలవాలో వార్డే చెప్పాలి, ఏఐ చెప్పగలిగేది కాదు.

ఇంకో సంగతి. ఇది మీరనే రాసే ఏఐ కాదు, కెమెరా చిత్రంలో పాలిప్స్ (పేగు లోపల పెరిగే చిన్న కణుతులు) చూపించే ఏఐ. పోలండ్‌లో కొలనోస్కోపీ (పెద్దపేగు కెమెరా పరీక్ష) చేసే అనుభవజ్ఞులైన డాక్టర్ల మీద చేసిన అధ్యయనం 2025లో లాన్సెట్ వాళ్ల పత్రికలో వచ్చింది. ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్లు అడినోమాలు (క్యాన్సర్‌గా మారగల పాలిప్స్) కనిపెట్టిన రేటు 28.4 నుంచి 22.4 శాతానికి పడిపోయింది. వేరే కారణాలూ ఉండొచ్చని అన్నారు. అయినా చదివిన దగ్గర్నుంచి మా వార్డులో ఒక అలవాటు చేసుకున్నాం. ముందు నువ్వు చూసి ఏం కనబడిందో చెప్పు, తర్వాతే మిషన్ ఏమందో చూద్దాం.

మన్యం_ఏఎన్ఎం · మంగళవారం, రాత్రి 8:50

నేను అల్లూరి జిల్లాలో ఏఎన్ఎంని. మీ చర్చ అంతా చదివాను. ఆఫీసు మాటలు కొన్ని అర్థం కాలేదు గానీ విషయం తెలిసింది.

మా ఆశాలు ట్రైనింగ్‌కి మండలానికి వస్తారు. మాడ్యూల్ పుస్తకం ఇస్తాం, రోజంతా చెప్తాం. ఆస్పత్రి కాన్పు అయిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. బిడ్డని తూచాలి, ఒళ్లు వేడిగా ఉందా చల్లగా ఉందా చూడాలి, పాలు పడుతోందా అడగాలి. పుస్తకంలో అన్నీ ఉన్నాయి. కొండ మీద ఇంట్లో బిడ్డ నీరసంగా కనబడినప్పుడు పుస్తకం గుర్తురాదు. నాకే ఫోన్ చేస్తారు. నేను వేరే ఊళ్లో ఉంటే సిగ్నల్ ఉండదు. ఇలాంటిదానికి ఏఐ ఏమైనా పనికొస్తుందా? తెలుగులో మాట్లాడి అడిగేలా ఉండాలి. తప్పు చెప్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

హైటెక్‌సిటీ_ట్రైనింగ్ · మంగళవారం, రాత్రి 9:30

అక్కా, మీరు అడిగినదానికి దగ్గరగా రాజస్థాన్‌లో ఒకటి జరిగింది. ఉదయపూర్‌లో ఖుషీ బేబీ అనే సంస్థ, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి ఆశాబాట్ అని వాట్సాప్‌లో పెట్టాయి. ఆశాలు హిందీలో టైపు చేసిగానీ మాట్లాడిగానీ అడుగుతారు. అది ఇష్టం వచ్చినట్టు చెప్పదు, ముందుగా ఎంచి ఇచ్చిన ఆరోగ్యశాఖ పుస్తకాల్లోంచే చెప్పాలి. వాటిలో జవాబు దొరకకపోతే "తెలియదు" అని, ఆ ప్రశ్నను మీలాంటి ఏఎన్ఎంలకు పంపుతుంది. పలువురి జవాబులు కలిసొచ్చాకే ఆశాకి చేరుతుంది.

నాకు ఇందులో గొప్పగా అనిపించింది ఆ పంపే పద్ధతే. ఆశాకి ఏం తెలియట్లేదో ఏఎన్ఎంలకు కనబడుతుంది. తర్వాతి ట్రైనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టి తెలుస్తుంది. మా పోర్టల్‌లో పిల్లలు ఏఐని రోజుకు వందల ప్రశ్నలు అడుగుతారు, వాటిలో ఒక్కటీ ఏ సీనియర్ కంటా పడదు.

మన్యం_ఏఎన్ఎం · మంగళవారం, రాత్రి 9:52

అలా అయితే బాగుంటుందమ్మా. కానీ సిగ్నల్ లేని చోట పనిచేయదు కదా. మా వాళ్లకు అపాయం గుర్తులు నోటికి వచ్చేలా చేయడమే ముందు. నీరసంగా ఉన్న బిడ్డ దగ్గర ఫోన్ వెతుక్కుంటూ కూర్చోకూడదు. దానికి ఏఐతో ఏమైనా చేయొచ్చా? మండల మీటింగ్‌లో అయితే సిగ్నల్ ఉంటుంది.

ఫార్మాక్యూఏ_పటాన్‌చెరు · మంగళవారం, రాత్రి 10:20

చేయొచ్చు మేడమ్. మేం ఆపరేటర్లకు వాడేది మీకు సరిపోయేలా మార్చి ఇస్తున్నాను. మాడ్యూల్‌లోని అపాయం గుర్తుల పేజీలు ఏఐకి ఇచ్చి, దీన్ని దానికి చదివి వినిపించండి:

"ఈ పేజీల్లో ఉన్నదాని నుంచే అడుగు. నువ్వు పల్లెలో బాలింత అత్తగారివి. బిడ్డ గురించి నీకు కనబడింది చెప్పు, అన్నీ ఒకేసారి చెప్పకు. ఆశా ఏం అడుగుతుందో, ఏం చేయమంటుందో చూడు. జవాబు నువ్వు చెప్పకు. ఆమె ఏదైనా వదిలేస్తే, చివర్లో ఏ పేజీ మళ్లీ చూడాలో మాత్రం చెప్పు. అంకెలు, బరువులు, రోజుల లెక్కలు పుస్తకంలో ఉన్నట్టే చెప్పు."

మీటింగ్‌లో ఒక ఆశా మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి. ఏఐ చెప్పిన ప్రతి మాటనీ మీరు పక్కన ఉండి పుస్తకంతో సరిచూడాలి. ఒంటరిగా ఇంటికి ఇచ్చి పంపకండి.

కొత్తబ్యాచ్_కుర్రాడు · బుధవారం, ఉదయం 9:10

ఇవన్నీ చదివాక నాకు ఒకటి తెలిసింది. విశాఖ అన్న దగ్గర టీమ్ లీడ్ పక్కన కూర్చుంటున్నారు. ఫార్మా సార్ దగ్గర సూపర్‌వైజర్ మెషిన్ ముందు నిలబడుతున్నారు. నర్సమ్మ గారి వార్డులో సీనియర్ అడుగుతున్నారు. మా దగ్గర ఆ మనిషే లేడు. మా సీనియర్లు చెడ్డవాళ్లు కాదు. ప్రతి గంటా టైమ్‌షీట్‌లో క్లయింట్ కోడ్ మీద పడాలి. నాకు అరగంట నేర్పితే ఆ అరగంట ఏ కోడ్ మీద వేయాలి? అలాంటి కోడే లేదు.

డెలివరీవాలా · బుధవారం, ఉదయం 10:25

తమ్ముడు చెప్పింది నిజం. నేను రోజూ చూసే షీట్ అదే, యుటిలైజేషన్ (క్లయింట్‌కి బిల్లు వేసే గంటల వాటా) తగ్గితే ముందు అడిగేది నన్నే. కానీ నేర్పడానికి వారానికి రెండు గంటలు పెడితే ఆ ఖర్చు ఎవరు భరించాలి? క్లయింట్ ఇవ్వడు. ఏఐ వల్ల పని త్వరగా అవుతోంది కాబట్టి రేటు తగ్గించమని ఇప్పటికే అడుగుతున్నాడు.

అమీర్‌పేట_మాస్టారు · బుధవారం, మధ్యాహ్నం 1:05

ఆ ఖర్చు ఇప్పుడు పెట్టకపోతే ఐదేళ్లకు ఇంకా ఎక్కువ పెడతారు సార్. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2025 ఆగస్టులో అమెరికా జీతాల లెక్కలు తీసి చూపించారు. ఏఐ ఎక్కువగా చేయగలిగిన ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్లవాళ్ల ఉపాధి, మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గింది. అవే ఉద్యోగాల్లో పెద్దవాళ్లకు అలా తగ్గలేదు. అది అమెరికా లెక్కే అయినా, మా బ్యాచ్‌లలో కాలేజీ ముగించిన పిల్లల ముఖాలు చూస్తుంటే నాకు నిద్ర పట్టట్లేదు. చిన్న చిన్న పనులు చేస్తూనే కదా మీరూ నేనూ ఎదిగింది? ఆ చిన్న పనులు ఏఐకి ఇచ్చేశాం. సరే, ఇవ్వండి. వాటి బదులు ఈ పిల్లలు ఏ పని చేస్తూ సీనియర్లు అవుతారో ఎవరో ఒకరు ఆలోచించి పెట్టాలి. ఏఐ రాసినదాన్ని తప్పుబట్టగలగాలంటే, అలాంటి తప్పుల్లో ఒకసారైనా చెయ్యి పెట్టి ఉండాలి.

నేర్చుకునేవాళ్లకు జవాబు చెప్పకుండా దారి చూపే పద్ధతులు 2025లో ఏఐ కంపెనీలే పెట్టాయి. చాట్‌జీపీటీలో స్టడీ మోడ్ అలాంటిదే. మంచిదే. కానీ రాత్రి పదకొండుకి డెడ్‌లైన్ ఉన్న పిల్లాడు ఆ బటన్ నొక్కుతాడా? ఎవరో ఒకరు తర్వాత అడుగుతారని తెలిస్తేనే నొక్కుతాడు.

విశాఖ_టీమ్‌లీడ్ · బుధవారం, మధ్యాహ్నం 1:40

మా దగ్గర టీమ్ లీడ్‌కి కాల్స్ వినే టైమ్ షిఫ్ట్ రోస్టర్‌లోనే ఉంటుంది. ఎవరి దయా కాదు. మీ ఐటీలో అది లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

హైటెక్‌సిటీ_ట్రైనింగ్ · శుక్రవారం, సాయంత్రం 5:15

మీ అందరికీ చెప్పాల్సిన సంగతి. నిన్న ఫైనాన్స్ వాళ్లతో కూర్చున్నాను. పోర్టల్‌లో కొత్త కోర్సులు తయారుచేసే ఖర్చు నేనే సగానికి తగ్గించేశాను. ఆ పని ఏఐతో అవుతోంది, పైగా ఉన్నవే ఎవరూ చూడట్లేదు. ఆ మిగులుతో సీనియర్ల టైమ్ కొనమని అడిగాను. టర్కీ అంకెలు చూపిస్తే పెద్దగా కదల్లేదు. మాస్టారి ఖాళీ క్యాచ్ బ్లాక్ చెప్పాక మాత్రం సీఎఫ్‌వో "ఇది మన బిల్లింగ్‌లో జరిగితే?" అని అడిగారు. ఒక అకౌంట్‌లో, ఒక క్వార్టర్‌కి ఒప్పుకున్నారు. సీనియర్ డెవలపర్లకు వారానికి రెండు గంటలు, టైమ్‌షీట్‌లో విడిగా కోడ్. పిల్లలు ఏఐని అడిగిన ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చేవి, పేర్లు లేకుండా, వారం వారం ఆ సీనియర్లకు పంపుతాం.

బదులుగా నన్ను అడిగింది ఒక్కటే. ఎంతమంది పూర్తిచేశారు అనే రిపోర్టు వద్దు, వేరే రుజువు చూపించు అన్నారు. ఏం చూపించమంటారు?

అమీర్‌పేట_మాస్టారు · శుక్రవారం, రాత్రి 9:05

క్వార్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, మీ ప్రాజెక్టులోనే జరిగిన పాత ఇన్సిడెంట్ (సిస్టమ్‌లో తేడా వచ్చిన ఘటన) ఒకటి ఇవ్వండి. మొదటి అరగంట ఏఐ లేకుండా. సమస్య ఎక్కడుండొచ్చో, ఎందుకనో రాసివ్వాలి. తర్వాత అరగంట ఏఐతో. అది చెప్పినదాంట్లో ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు అని రాయాలి. నేనైతే ఆ చివరి కాగితమే ముందు చదువుతాను.

కొత్తబ్యాచ్_కుర్రాడు · శుక్రవారం, రాత్రి 9:22

మేడమ్, ఇన్సిడెంట్లు ఎంచేటప్పుడు కారణం కోడ్‌లో లేనివి కూడా కలపండి. క్లయింట్ వైపు అలవాట్ల వల్ల వచ్చేవి. వాటిని ఏఐ అస్సలు పట్టుకోలేదు, మాకూ తెలియవు. సీనియర్లు కూర్చోబెట్టి చెప్పాల్సింది అవే.

డెలివరీవాలా · శనివారం, ఉదయం 8:30

ఒక అనుభవంతో చెప్తున్నాను. రిలీజ్ వారం వచ్చిందంటే ముందు ఎగిరిపోయేది ఆ రెండు గంటలే. కోడ్ ఒక్కటే చాలదు. క్యాలెండర్‌లో డెలివరీ హెడ్ పేరుతో ఇన్వైట్ పెట్టించండి, క్యాన్సిల్ చేయాలంటే ఆయన్నే అడగాలి. మా అకౌంట్‌లోనూ ఒక టీమ్‌తో వచ్చే నెల మొదలుపెడుతున్నాను, గంటన్నరతో. ఆ ఇన్వైట్ నా పేరుతోనే ఉంటుంది. మాస్టారూ, ఆ ఇన్సిడెంట్ కాగితం నమూనా ఒకటి ఇక్కడ పెట్టగలరా?